తిండి మానిపిస్తున్నాం, మందు మానిపిస్తున్నాం... పొగను మాత్రం ఉంచుకుంటున్నాం!



తొలకరి చినుకులు పడగానే మా ఓపీ గది ముందు దగ్గులు, తుమ్ములు ఎక్కువవుతాయి. మన్నెగూడ నుంచే కాదు, తుర్కయంజాల్, బొంగుళూరు, ఇబ్రహీంపట్నం వైపు పల్లెల నుంచి కూడా తల్లులు పిల్లలను ఎత్తుకొని వస్తారు. వచ్చినవారిలో చాలామంది నోట ఒకటే మాట: "ఎలర్జీ అంట డాక్టరమ్మా, ఏం పెట్టొద్దో చెప్పుండ్రి."

ఆ మధ్య ఒక తల్లి ఏడేళ్ళ బాబును తీసుకువచ్చింది. రాత్రిళ్ళు దగ్గు, తెల్లవారుజామున ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. బరువు తూస్తే పదహారు కిలోలు. ఆ వయసుకు ఇరవై రెండు కిలోల వరకు ఉండాలి. ఏం తింటున్నాడమ్మా అని అడిగాం.

"గుడ్డు పెడ్తలేను. పాలు బంద్ చేసిన. పెరుగు, అరటిపండు సర్ది చేస్తయన్నరు, అవి కూడా బంద్. వంకాయ, గోంగూర, పల్లీలు, చేపలు ముట్టనిస్తలేను. అయినా దమ్ము తగ్గుతలేదు."

ఇంతకుముందు ఇన్‌హేలర్ రాసిచ్చినట్టు చీటీలో ఉంది. అదేమైంది అంటే, "అది పడితే జన్మంతా అలవాటైతదని మా అత్తమ్మ వద్దన్నది" అంది. రాత్రి దోమలకు ఏం వాడతారు అని అడిగితే, "కాయిల్ ముట్టిస్తం, మంచం పక్కనే" అంది. ఇంట్లో బీడీ తాగేవారున్నారా అంటే తల వంచుకుంది.

ఆ తల్లి బిడ్డ కోసం చేయనిది లేదు. తనకు నలుగురూ చెప్పినవన్నీ చేసింది. కానీ మానాల్సింది మానలేదు, మానకూడనిది మానేసింది. మా అభిప్రాయంలో ఈ ప్రాంతంలో ఎలర్జీ కంటే ఎక్కువ హాని చేస్తున్నది ఈ తారుమారే. ఈ సంచికలో దాని గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం.

"పడదు" అనే మాట

మన భాషలో ఒక చక్కని మాట ఉంది: "నాకు అది పడదు." ఈ ఒక్క మాటలో మనం చాలా సంగతులు కలిపేస్తాం. పాలు తాగితే కడుపు ఉబ్బరించినా పడలేదంటాం. మిరపకాయ బజ్జీ తిని గుండెల్లో మంట వచ్చినా పడలేదంటాం. రొయ్య తిన్న పది నిమిషాలకు పెదవులు వాచి ఊపిరి ఆడకపోయినా పడలేదనే అంటాం. వైద్యంలో ఈ మూడూ వేర్వేరు.

పాలు అరగకపోవడానికి కారణం, పాలలోని చక్కెరను అరిగించే రసం పేగులో తక్కువగా ఉండటం. దీనిలో ప్రాణభయం లేదు. అలాంటివారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ చక్కగా సరిపోతాయి. గుండెల్లో మంట జీర్ణాశయంలోని ఆమ్లం వల్ల వచ్చేది. మూడోది మాత్రమే నిజమైన ఎలర్జీ.

ఎలర్జీ అనే పదాన్ని 1906లో ఆస్ట్రియా దేశపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే తొలిసారి వాడారు. మన శరీరంలో రోగనిరోధక శక్తి ఊరికి కాపలాదారు వంటిది. దొంగను పట్టుకోవడం దాని పని. కొందరిలో ఆ కాపలాదారు పొరపాటుపడి, ఏ హానీ చేయని పుప్పొడినో, గుడ్డులోని మాంసకృత్తునో దొంగ అనుకుంటాడు. దాని గుర్తుగా ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసి పెట్టుకుంటాడు. ఆ పదార్థం మళ్ళీ ఎదురైనప్పుడు హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. అవి ముక్కులో విడుదలైతే తుమ్ములు, నీరు కారడం; చర్మంలో అయితే దద్దుర్లు; ఊపిరి గొట్టాల్లో అయితే ఆయాసం. అన్ని ఎలర్జీలూ ఐజీఈ వల్లనే రావు. చర్మానికి తగిలి రెండు రోజులకు వచ్చే ఎలర్జీ దారి వేరు. అయినా మూలం మాత్రం ఆ పొరపాటే.

ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఎవరి కాపలాదారు పొరపాటు వారిదే. పక్కింటి పాపకు గుడ్డు పడకపోతే మీ పాపకూ పడదని కాదు. అందుకే ఎలర్జీకి "అందరికీ ఒకే పథ్యం" అనే పట్టిక ఉండదు. అలాంటి పట్టిక ఎవరిచ్చినా, తెల్లకోటు వేసుకున్నవారు ఇచ్చినా, ఎందుకని అడగండి. మా చీటీల మీద కూడా ఒకప్పుడు "పులుపు, చల్లటివి, వంకాయ, గుడ్డు వద్దు" అని అలవాటుగా రాసిన రోజులున్నాయి. అది తప్పేనని ఒప్పుకుంటున్నాం.

నంజు, వేడి, సర్ది

వంకాయ, గోంగూర, దుంపకూరలు నంజు చేస్తాయని పెద్దలంటారు. పుండు మానుతున్నప్పుడు ఇవి వద్దంటారు. వంకాయ తిన్నప్పుడు కొందరికి నోరు, గొంతు దురద పెట్టడం నిజమే. వంకాయలో సహజంగానే హిస్టమిన్ వంటి పదార్థాలు కొంత ఉంటాయి. అలా దురద వచ్చేవారు మానుకోవచ్చు. కానీ ఆ దురద లేనివారికి వంకాయ మానిపించినంత మాత్రాన దమ్ము తగ్గదు, పుండు త్వరగా మానదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పప్పు మానేస్తే పుండు ఆలస్యంగా మానుతుంది.

అరటిపండు, పెరుగు సర్ది చేస్తాయన్నది కూడా ఇలాంటిదే. జలుబు వైరస్ వల్ల వస్తుంది. పెరుగన్నం తిన్న మర్నాడు జలుబు చేస్తే పెరుగు మీద నేరం మోపుతాం. పెరుగు తిని జలుబు రాని మిగతా రోజులను లెక్కలోకి తీసుకోం. ఏ పదార్థాన్ని అయినా శంకించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు వచ్చిందా? తిన్న ప్రతిసారీ వస్తోందా? తిననప్పుడు రావడం లేదా? మూడింటికీ అవునంటే అనుమానించాలి, మమ్మల్ని కలవాలి. కాదంటే ఆ పదార్థాన్ని పిల్లవాడి పళ్ళెంలో ఉండనివ్వండి.

టెస్టు కాగితం చూసి భయపడకండి

ఇప్పుడు నగరంలో రక్తం ఒక్కసారి తీసి వంద పదార్థాలకు ఎలర్జీ పరీక్ష చేస్తామనే ప్యాకేజీలు వచ్చాయి. వేల రూపాయలు పెట్టి చేయించుకొని, ఇరవై ముప్పై పదార్థాల పక్కన ఎర్ర గుర్తులున్న కాగితం పట్టుకొని మా దగ్గరికి వచ్చినవారున్నారు. బియ్యం, కందిపప్పు, టమాట అన్నీ పడవని అందులో ఉంటుంది. ఇక ఏం తినాలి అని వారి కంటతడి.

మన పొరుగున కర్ణాటకలో పెద్దవారి మీద జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. రక్తపరీక్ష ప్రకారం ఏదో ఒక ఆహారానికి పాజిటివ్ వచ్చినవారు నూటికి 26 మందికి పైగా ఉన్నారు. తిన్నప్పుడు బాధ వచ్చి, పరీక్షలోనూ అదే పదార్థానికి పాజిటివ్ వచ్చి, నిజంగా ఆహార ఎలర్జీ ఉందని అనుకోదగినవారు నూటికి ఒక్కరికి కాస్త ఎక్కువ, 1.2 శాతం మాత్రమే. అంటే పాజిటివ్ వచ్చినవారిలో అత్యధికులు ఆ పదార్థాలను హాయిగా తింటున్నవారే.

కాబట్టి పరీక్ష ముందు, కథ తరువాత కాదు. మీరు చెప్పే కథ ముందు, దానికి తగిన పరీక్ష తరువాత. దుమ్ము మీద అనుమానం ఉంటే దుమ్ముకు, రొయ్య మీద అనుమానం ఉంటే రొయ్యకు చర్మ పరీక్షో రక్త పరీక్షో చేస్తారు. మీరు ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేకుండా తింటున్న దానిని కాగితం చూసి మానేయవద్దు.

ఇస్నోఫీలియా కథ

"మాది ఎలర్జీ కాదండి, ఇస్నోఫీలియా" అని చెప్పేవారు మన దగ్గర ఎక్కువ. ఇయోసినోఫిల్ అనేది రక్తంలోని ఒక రకం తెల్లకణం. అది పెరగడం ఒక సూచన మాత్రమే, దానంతట అదే జబ్బు కాదు. ఎలర్జీ ఉన్నా పెరుగుతుంది, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతుంది, కొన్ని మందుల వల్లా పెరుగుతుంది. మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో 500 వరకు ఉంటాయి. కాస్త ఎక్కువ ఉన్నాయని నెలల తరబడి మాత్రలు మింగడం సరికాదు.

అయితే ఈ పేరు మన ఇళ్ళలో ఊరికే పడలేదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిమికి కొందరి ఊపిరితిత్తులు విపరీతంగా స్పందిస్తాయి. రాత్రిళ్ళు విడవని దగ్గు, ఆయాసం వస్తాయి, ఇయోసినోఫిల్ కణాలు సాధారణంగా 3000 దాటిపోతాయి. దీనికి పనిచేసే డైఇథైల్ కార్బమజైన్ మందు మన తెలుగువాడు, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో రూపొందింది. 1947లో వెలుగులోకి వచ్చిన ఈ మందు హెట్రజాన్ పేరుతో మన ఇంటింటా తెలిసింది. ఆ జబ్బు ఉన్నవారికి మూడు వారాల వైద్యంతో మంచి గుణం కనిపిస్తుంది. కానీ దుమ్ము వల్ల తుమ్మేవారికి అదే మందు ఇస్తే దుమ్ము పోదు కదా! అందుకే రక్తపరీక్షలో ఒక్క అంకె చూసి మందు అడగకండి, ఆ అంకె ఎందుకు పెరిగిందో అడగండి.

మన ఊళ్ళో అసలు నిందితులు

తిండిని వదిలి చుట్టూ చూద్దాం. ముక్కు ఎలర్జీ, ఉబ్బసం ఉన్నవారిలో ఎక్కువమందికి బాధ మొదలయ్యేది తినే దానితో కాదు, పీల్చే దానితో.

మొదటిది ఇంటి దుమ్ములోని దుమ్ము పురుగు. ఇది మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే ఉంటుంది, కంటికి కనిపించదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు దీనికి ఆహారం. పరుపు, దిండు, బొంత, రగ్గు దీని నివాసం. గాలిలో తేమ పెరిగిన కొద్దీ ఇది పెరుగుతుంది. వానాకాలంలో బాధ ఎక్కువ కావడానికి ఇదొక కారణం. తెల్లవారగానే వరుసగా పది తుమ్ములు వచ్చేవారు ముందుగా అనుమానించవలసింది తాము తల పెట్టుకున్న దిండునే. దుప్పట్లు, గలేబులు వారానికోసారి బాగా వేడి నీటిలో ఉతకండి. పరుపులు, బొంతలు ఎండలో వేయండి. ఏడాదికోసారి అటక మీది నుంచి దింపే క్రిస్మస్ అలంకరణలు, చలికాలం స్వెట్టర్లు ముందు దులిపి ఎండబెట్టాకే ఇంట్లోకి తేండి. ఆ దులిపే పని ఎలర్జీ ఉన్నవారికి అప్పగించకండి.

రెండవది బొద్దింక. దాని విసర్జనలు, ఎండిన శరీర భాగాలు పొడిగా మారి గాలిలో కలుస్తాయి. రాత్రి అంట్లు కడిగి, చెత్తబుట్టకు మూతపెట్టడం కూడా ఉబ్బసం వైద్యంలో భాగమే.

మూడవది పొగ. ఇది ఎలర్జీ పదార్థం కాదు, కానీ ఇప్పటికే వాచి ఉన్న ఊపిరి గొట్టాలకు నిప్పు వంటిది. ఒక్క దోమల కాయిల్ కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చిన దానితో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. తలుపులు మూసిన గదిలో, పిల్లవాడి తల పక్కన, రాత్రంతా! దోమతెర ఖరీదు కొన్ని వందల రూపాయలు, ఏళ్ళ తరబడి పనికి వస్తుంది. అగరొత్తులు, సాంబ్రాణి, చెత్త తగలబెట్టడం, కట్టెల పొయ్యి అన్నీ ఈ కోవలోవే. నాన్నలకు ఒక మాట. వాకిట్లో కూర్చొని తాగినా బీడీ పొగ కిటికీలోంచి లోపలికి వస్తుంది, బట్టలకు పట్టుకొని బిడ్డ దాకా వస్తుంది.

నాలుగవది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. క్యారెట్ ఆకులాంటి ఆకులు, తెల్లటి చిన్న పూలు. 1950లలో పుణె దగ్గర కనిపించిన ఈ అమెరికా ఖండపు కలుపుమొక్క ఇప్పుడు సాగర్ రోడ్డు వెంట ఖాళీ ప్లాట్లలోనూ, పొలం గట్ల మీదా అంతటా ఉంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. దీని పుప్పొడి తుమ్ములు, ఆయాసం తెస్తుంది. దీని రేణువులు గాలిలో వచ్చి తగిలినా ముఖం, మెడ, మోచేతి మడతల్లో చర్మం నల్లబడి, మందంగా మారి విపరీతమైన దురద పెడుతుంది. పొలం పనిచేసే పెద్దవారిలో ఏళ్ళ తరబడి "తామర" అనుకొని మందు పూసుకుంటున్న కొందరి బాధకు కారణం ఈ మొక్కే. పూత రాకముందే పీకాలి. చేతులకు తొడుగు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ ఉండాలి. ఎలర్జీ ఉన్నవారు పీకకూడదు. సంఘంలోని యువకులు వానలు పడ్డాక ఒక శనివారం చర్చి చుట్టూ, బడి చుట్టూ ఈ మొక్కను తీసివేస్తే అది వంద చీటీల వైద్యంతో సమానమని మా నమ్మకం.

ఇవి కాక సర్కారు తుమ్మ పుప్పొడి, వరికోతల నాటి దుమ్ము, కోళ్ళ ఫారాల్లోని ఈకల ధూళి, పావురాల రెట్టలు, గోడలకు పట్టే బూజు ఉన్నాయి. చర్మానికైతే తలకు వేసే నల్లరంగు, గిల్టు నగల్లోని నికెల్, స్టిక్కర్ బొట్టు వెనుక జిగురు ఉన్నాయి. తలరంగు వేసిన రెండు రోజులకు ముఖం వాచిందంటే ఆ రంగును మళ్ళీ దగ్గరకు రానివ్వకండి.

దమ్ము, ఇన్‌హేలర్, చేప మందు

ఇన్‌హేలర్ గురించి ఉన్నన్ని అపోహలు మరే మందు గురించీ లేవు. "చివరి మందు", "గట్టి మందు", "అలవాటైతది", "ఆడపిల్లకు పెళ్ళి కాదు." చిన్న లెక్క చూడండి. ఆయాసానికి ఇచ్చే సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక్క పీల్పుకు 100 మైక్రోగ్రాములు. అంటే మాత్రలో నలభయ్యో వంతు! మాత్ర ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. ఇన్‌హేలర్ మందు నేరుగా అక్కడికే వెళుతుంది, అందుకే అంత తక్కువ చాలు. మరి ఏది గట్టి మందు?

ఇన్‌హేలర్లు రెండు రకాలు. ఒకటి అప్పటికప్పుడు గొట్టాలను తెరిచేది. రెండవది లోపలి వాపును తగ్గించి ఆయాసం రాకుండా కాపాడేది. మొదటిదే వాడి రెండవదాన్ని మానేస్తే, ఇల్లు కాలుతుంటే పొగను విసనకర్రతో విసిరినట్టే. 2019 నుంచి ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు కూడా ఉపశమనం ఇచ్చే మందు ఒక్కదానితోనే సరిపెట్టవద్దని స్పష్టంగా చెబుతున్నాయి. ప్రపంచ వ్యాధి భారంపై 2019 అంచనాల ప్రకారం ఆస్తమా భారంలో మన దేశం వాటా సుమారు 13 శాతం ఉంటే, ఆస్తమా మరణాల్లో 40 శాతానికి పైగా మన దేశానివే. మందు లేక కాదు, వాడవలసిన మందు వాడక జరుగుతున్న మరణాలు వీటిలో చాలా ఉన్నాయి.

ఇక చేప మందు. మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి మింగించడం మనందరికీ తెలుసు. 1845 నుంచి తమ వంశంలో వస్తోందని వారు చెబుతారు. ఉచితంగా ఇస్తారు. కోవిడ్ వల్ల 2020 నుంచి 2022 వరకు ఆగి, 2023లో మళ్ళీ మొదలైంది. మన ఊళ్ళ నుంచీ వెళ్ళేవారున్నారు. వెళ్ళేవారి నమ్మకాన్ని ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. తెల్లవార్లూ ఊపిరాడని మనిషి ఎంత దూరమైనా వెళతాడు, ఎంత పెద్ద వరుసలోనైనా నిలబడతాడు.

కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఉబ్బసం ఎప్పుడూ ఒకేలా ఉండదు. కొన్ని నెలలు పెరుగుతుంది, కొన్ని నెలలు తనంతట తానే తగ్గుతుంది. చిన్నప్పుడు వచ్చిన పిల్లికూతలు ఎదిగే కొద్దీ చాలామందిలో తగ్గిపోతాయి. తగ్గే సమయంలో ఏది మింగినా ఆ పేరే దానికి వస్తుంది. అది మందు వల్ల తగ్గిందో, కాలం వల్ల తగ్గిందో తెలియాలంటే మందు ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఉబ్బసాన్ని చేప మందు నయం చేస్తుందని అలాంటి పరీక్షలో రుజువు కాలేదు.

మా దగ్గరికి వచ్చే విశ్వాసుల్లో కూడా "ప్రార్థన చేయించుకున్నాం, ఇక ఇన్‌హేలర్ ఎందుకు" అనేవారున్నారు. వారికీ, మృగశిర నాడు వరుసలో నిలబడేవారికీ మేము చెప్పేది ఒక్కటే. మీ నమ్మకం మీది. ఇన్‌హేలర్ మాత్రం జేబులోనే ఉంచుకోండి, రోజువారీ మందు ఒక్క పూట కూడా ఆపకండి. ఆపవలసిన రోజు వస్తే మేమే మెల్లగా తగ్గించి ఆపుతాం.

ఒక్క సూదితో తగ్గే దమ్ము, దురద గురించి కూడా జాగ్రత్త. కొందరు నెలకోసారి స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకొని "ఆ డాక్టరు చేయి మంచిది" అంటారు. మాటిమాటికీ వేయించుకుంటే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, పిల్లల ఎదుగుదల ఆగుతుంది.

పసిపిల్లలకు ఏం పెట్టాలి?

ఎలర్జీ వస్తుందేమోనని గుడ్డు రెండేళ్ళ దాకా, పల్లీలు మూడేళ్ళ దాకా పెట్టవద్దని ఒకప్పుడు వైద్యులే చెప్పేవారు. 2015లో ఇంగ్లండులో జరిగిన ఒక పరిశోధన దీన్ని తలకిందులు చేసింది. ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 640 మంది పసిపిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు తొలి ఏడాదిలోనే పల్లీల ఆహారం మొదలుపెట్టారు, రెండో జట్టుకు అయిదేళ్ళ దాకా పెట్టలేదు. పెట్టినవారిలో పల్లీల ఎలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది.

అందుకే ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తటి అన్నం, పప్పు, ఉడికిన గుడ్డు, మెత్తగా నూరి జావలో కలిపిన పల్లీలు ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి. పల్లీ గింజలు గింజలుగా మాత్రం పెట్టకూడదు, ఊపిరి గొట్టంలో అడ్డుపడతాయి. పాపకు ఇప్పటికే తీవ్రమైన గజ్జి వంటి చర్మవాపు ఉన్నా, గుడ్డు తిని దద్దుర్లు వచ్చి ఉన్నా ముందు మమ్మల్ని అడగండి. పాలు, గుడ్డు ఎలర్జీ నిజంగా ఉన్న పిల్లల్లో కూడా ఎక్కువమందికి పెరిగే కొద్దీ అది పోతుంది. కాబట్టి ఏడాదికోసారి మళ్ళీ చూపించండి.

ప్రాణం మీదికి వచ్చేది ఎప్పుడు?

అపోహలు వద్దన్నాం కదా అని నిజమైన ఎలర్జీని తేలిక చేయవద్దు. కందిరీగ లేదా తేనెటీగ కుట్టినా, రొయ్య, పీత, జీడిపప్పు, పల్లీ తిన్నా, ఏదైనా మాత్ర లేదా ఇంజక్షన్ తీసుకున్నా, కొద్ది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక వాచడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్. దద్దుర్లు లేకుండా కూడా రావచ్చు.

దీనికి ప్రాణం కాపాడే మందు అడ్రినలిన్. తొడ కండరానికి వెంటనే ఇవ్వాలి. సెట్రిజిన్ మాత్ర, అవిల్ సూది దీనికి బదులు కావు. నిమ్మరసం, మజ్జిగ తాగించి చూద్దామని కూర్చోవద్దు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచండి. ఆయాసం ఉంటే కూర్చోబెట్టండి, నిలబెట్టి నడిపించకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఏ ఆసుపత్రికైనా తీసుకువెళ్ళండి. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, బాధ తిరగబెట్టవచ్చు.

మందు వల్ల ఎలర్జీ వచ్చినవారు ఆ మందు పేరు ఒక కాగితం మీద రాయించుకొని ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి. "ఏదో తెల్ల గోలీ" అంటే మాకు ఏ గోలీ అయినా భయమే. పెన్సిలిన్ విషయంలో ఇంకో వైపు కూడా ఉంది. అమెరికాలో నూటికి పదిమంది తమకు పెన్సిలిన్ పడదని చెబుతారు, కానీ సరిగ్గా పరీక్షిస్తే వారిలో నూటికి తొంభై మందికి పైగా అది పడుతుందని తేలింది. విరేచనాలో వికారమో కలిగినంత మాత్రాన ఎలర్జీ కాదు. ఏం జరిగిందో వివరంగా చెప్పండి. నిర్ణయం మాకు వదిలేయండి.

చివరిగా...

ఎలర్జీ అంటువ్యాధి కాదు. దద్దుర్లున్న బిడ్డ పక్కన కూర్చుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. ఆదివారం ప్రేమ విందులో ఆ బిడ్డను దూరంగా కూర్చోబెట్టకండి. అయితే నిజంగా రొయ్య పడని బిడ్డకు "కొంచెం తింటే ఏం కాదులే" అని బలవంతంగా పెట్టకండి. రెండూ తప్పే.

మీరు చేయవలసింది పెద్దదేమీ కాదు. ఒక చిన్న నోటుబుక్కు కొనండి. బాధ వచ్చిన రోజు, వేళ, అంతకు రెండు గంటల ముందు ఏం తిన్నారు, ఎక్కడున్నారు, ఏం పీల్చారు, ఏ మందు వేసుకున్నారు అని రాయండి. చదువు రాకపోతే బడికి పోయే పిల్లలతో రాయించండి. నాలుగు వారాలు రాసిన ఆ పుస్తకం వేల రూపాయల ప్యాకేజీ కంటే ఎక్కువ చెబుతుంది.

మొదట చెప్పిన ఆ బాబు గురించి అడుగుతారేమో. అతని పళ్ళెంలోకి గుడ్డు, పాలు, పప్పు తిరిగి వచ్చాయి. కాయిల్ పోయి దోమతెర వచ్చింది. నాయనమ్మను కూడా పిలిపించి, మాత్ర లెక్క, ఇన్‌హేలర్ లెక్క పక్కపక్కన రాసి చూపించాం. ఆమె కాసేపు చూసి, "మరి ఈ సంగతి ముందే చెప్పొచ్చు గదా బిడ్డా" అంది. ఆమె అడిగింది న్యాయమే. ముందే చెప్పవలసింది మేమే. అందుకే ఇప్పుడు ఇంత వివరంగా రాశాం.

ఇంటికి వెళ్ళాక మీ ఇంట్లో ఎవరైనా "పడదు" అంటూ ఏదైనా మానేసి ఉంటే, ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని ఒక్కసారి అడగండి. జవాబు దొరకకపోతే మా దగ్గరికి రండి. పళ్ళెంలోంచి దేన్నైనా తీసే ముందు గదిలోంచి పొగను తీయండి.